తూటా కొలతలో దాగిన భయం

1959లో పార్లమెంటు చేసిన ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. పామూరు నుంచి గిద్దలూరు దాకా పెద్దవాళ్లను కదిలిస్తే వేట ముచ్చట్లు చాలానే చెబుతారు. తుపాకీ వెనకున్న లైసెన్సు కాగితం గురించి మాత్రం చెప్పరు. నాకేమో ఆ కాగితం కథే ఇష్టం.

వెలికొండలకూ నల్లమలకూ మధ్య పాలెగాళ్లు ఏలిన రోజుల్లో తుపాకీకి అనుమతి అడిగేవాడూ లేడు, ఇచ్చేవాడూ లేడు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికొచ్చాక కలెక్టరు మన్రో పాలెగాళ్లను అణిచాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గిద్దలూరు దగ్గర కంపెనీ సేనతో తలపడి, మరుసటి ఏడు ఉరికంబమెక్కాడు. 1878లో వైస్రాయి లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, తెల్లవాడిని వదిలేసింది. ఆ అవమానం ఎంతగా గుచ్చుకుందంటే, 1930లో గాంధీ వైస్రాయి ఇర్విన్ ముందుంచిన 11 కోర్కెల్లో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులివ్వాలన్నదీ ఒకటి.

ఇక 1907 దగ్గర కాసేపు ఆగాలి. అంతకు తొమ్మిదేళ్ల ముందు లండన్‌లో జాన్ రిగ్బీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా తెచ్చాడు. పొగ కమ్మని కార్డైట్ మందు, 480 గ్రెయిన్ల గుండు, అంటే దాదాపు 31 గ్రాములు. అప్పటిదాకా ఏనుగును కొట్టాలంటే భుజం కుంగే నల్లమందు తుపాకులు మోయాల్సిందే. అందుకే పెద్ద వేటగాళ్లు ఈ కొత్త తూటాకు ఇట్టే అలవాటు పడ్డారు. అయితే సైన్యం పక్కన పెట్టిన మార్టిని-హెన్రీ తుపాకులు అప్పటికే తిరుగుబాటుదార్ల చేతుల్లో పడ్డాయి. వాటి గుండు కొలతా అదే! వేట తూటాలోని గుండు ఊడదీసి వాటిలో వాడుకుంటారేమోనని సర్కారుకు గుబులు పుట్టింది. 1907లో ఇండియాకూ సూడాన్‌కూ .450 తుపాకులు, తూటాలు రాకుండా ఆపేసింది.

లండన్ తుపాకీ దుకాణాలకు ఇండియా పెద్ద బేరం. అంత తేలిగ్గా వదులుకుంటారా? హాలండ్ అండ్ హాలండ్ .500/.465 తెచ్చింది, జెఫ్రీ .475 నంబర్ 2 తెచ్చాడు. జోసెఫ్ లాంగ్ పేరు మీదున్న .470కి కూడా ఆ నిషేధమే ఊతమైంది. ఇవన్నీ చేసే పని .450 చేసేదే. అంగుళంలో వెంట్రుకవాసి తేడాతో చట్టాన్ని దాటాయి. ఆ చేతిపనివాళ్ల నేర్పు తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మన నల్లమల అడవికొస్తే, బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) దిగువమెట్ట, చెలమ స్టేషన్ల చుట్టుపక్కల అడవిని తన కథల్లోకి తెచ్చాడు. ఆయన చేతిలోది .405 వించెస్టర్. అమెరికా సరుకు, మన సైన్యం వాడని కొలత.

స్వాతంత్ర్యం వచ్చాకా సైన్యం కొలత తూటాలంటే సర్కారుకున్న ఆ భయం పోలేదు. సైన్యం వాడుతూ వచ్చిన .303, 7.62 మి.మీ. తూటాలు పట్టే రైఫిల్‌కు కలెక్టరు లైసెన్సు ఇవ్వలేరు, కేంద్రమే ఇవ్వాలి. అంతకంటే లావు తూటా పేల్చే .375 వేట రైఫిల్‌కు మాత్రం కలెక్టరు సంతకం చాలు. ఇషాపూర్ తుపాకుల ఫ్యాక్టరీ జనానికి అమ్మే రైఫిల్ .315 కావడం వెనకా ఈ లెక్కే ఉంది.

ఆ తర్వాతి సంగతులు ఒక వరుసలో ఇమడవు. 1970లో ఒంగోలు జిల్లా పుట్టేదాకా పామూరు లైసెన్సు అర్జీ నెల్లూరికీ, మార్కాపురం, గిద్దలూరు అర్జీలు కర్నూలుకూ వెళ్లేవి. 1972 వన్యప్రాణి చట్టంతో పెద్ద తుపాకీకి అడవిలో పని పోయింది. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సుకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ఒప్పుకోవాలి. మరోపక్క, పంట కాపలాకు మందు కూరే తుపాకీ అడిగే రైతుకు 1959 చట్టం చోటిచ్చింది. అడవిపందులు చేను దున్నేస్తుంటే అంచు ఊళ్ల రైతు ఈ రెండు చట్టాల మధ్య నలుగుతున్నాడు. అతని గోడు వినాలి, అడవీ బతకాలి. 2019 సవరణ మనిషికి మూడు తుపాకుల హద్దును రెండుకు తగ్గించింది, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

తాత పేరున ఉన్న లైసెన్సు మనవడికి చెల్లదు. తుపాకీని ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, తన పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. తుపాకీ ఇంటికి తిరిగొచ్చినా రాకపోయినా, పాత లైసెన్సు పుస్తకాన్ని మాత్రం చిత్తుకాగితాల్లో కలిపేయకండి. మీ తాత ఏ కొలత తుపాకీ పట్టాడో, ఎన్ని తూటాలకు అనుమతి ఉండేదో అందులో రాసి ఉంటుంది.