చెరువు కట్టిన చేతులు మనవే, పోయింది అలవాటు



"ఇప్పటోళ్లకు ఒళ్లు వంగదు, అందుకే చెరువులు ఇట్లయిపోయినాయి" అని రచ్చబండ కాడ అందరం అంటుంటాం. అది సగమే నిజం. మన కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కథ వింటే ఎందుకో తెలుస్తుంది.

ఆ చెరువును విజయనగర కాలంలో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించినాడు. 1369 నాటి శాసనం ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాసినారు. జేసీబీ లేదు, డీజిల్ లేదు. మంచి చెరువుకు ఉండాల్సినవి 12, ఉండకూడని దోషాలు 6 అని కూడా చెక్కించినారు. కట్టలో నీళ్లు ఊరడం, చౌడు నేల, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఇవన్నీ దోషాలే.

కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. మన సీమలో చెరువు బాగు చేసేవాళ్లకు దశబంధం మాన్యం ఇచ్చేవాళ్లు. ఊరి జనం కలిసి కాలువ పూడిక తీయడం, కట్ట మీద కంప కొట్టడం ఆనవాయితీ. దీన్నే కుడిమరామత్తు అన్నారు. ఎవరూ ఉత్త పుణ్యానికి చేయలేదు. ఒండ్రుమట్టి చేనికి బలం, నీళ్లలో వంతు దక్కేది. ఫలం కంటికి కనపడేది కాబట్టే అలవాటు నిలిచింది.

తెల్లదొరల కాలంలో చెరువు పెత్తనం మెల్లగా ఊరి చేతిలోంచి సర్కారు చేతికి పోయింది. ఆనవాయితీ సడలింది. ఆ పని చేయాల్సిందేనని 1858లో మద్రాసు రాజధానిలో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చినారు. చట్టంతో భయం పుడుతుంది గానీ అలవాటు పుట్టదు. ఆ తర్వాత ఎప్పటికో బోర్లు వచ్చినాయి. ఎవరి మోటారు వాళ్లది. చెరువు నిండితేనే చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఊరుతాయన్న సంగతి వెనకబడింది.

కరెంటు కోసం అర్ధరాత్రి లేచి చేనికి పోయే రైతును సోమరి అంటామా? ఒళ్లు వంగుతాంది. నలుగురం కలిసి వంగే అలవాటే పోయింది. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చి కొంత పెత్తనం తిరిగి మన చేతికే ఇచ్చింది. కాగితం మీద సంఘముంటే చాలదు, కాలువలో పార పడాల.

వానలు పడకముందే ఒక్క దినం, ఇంటికొకరు. చెరువులోకి నీళ్లొచ్చే కాలువలో కంప కొడితే చాలు. కట్ట తెగినాక నూరు మంది చేసే పని, తెగకముందు పది మందితో అయిపోతుంది.

మీ ఊర్లో కాలువ పూడిక ఆఖరుగా ఎప్పుడు తీసినారో పెద్దోళ్లను అడిగి చెప్పండి.