చీమకుర్తి పల్లెలకు బడే పెద్దదిక్కు

చీమకుర్తి అనగానే బయటివాళ్ళకు గుర్తొచ్చేది నల్లరాయి. చుక్కల ఆకాశంలా మెరిసే ఆ బ్లాక్ గెలాక్సీ మన ఆర్.ఎల్.పురం, రామతీర్థం వైపు క్వారీల నుంచే దేశదేశాలకు వెళ్ళింది. రాయికి వచ్చిన పేరులో పదోవంతైనా మన పల్లె బళ్ళకు రాలేదు. బడి పండగ చేసుకుంటున్న ఈ వేళైనా ఆ మాట నిండుగా చెప్పుకోవాలి.

ఇక్కడ చదువు కొత్తగా వచ్చింది కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఊరూరా బళ్ళ లెక్క తీయమన్నప్పుడు గుంటూరు జిల్లాలో 574, అప్పట్లో ఒంగోలు ప్రాంతం కలిసి ఉన్న నెల్లూరు జిల్లాలో వందలకొద్దీ బళ్ళు తేలాయి. పంతులుగారిని పోషించింది ఎక్కువగా పిల్లల ఇళ్ళవాళ్ళే. అయితే దళితవాడల పిల్లలకు ఆ గడప దాదాపు మూసే ఉండేది. 1866లో ఒంగోలు చేరిన జాన్ ఎవరెట్ క్లౌ, ఆయన వెంట నడిచిన బాప్టిస్టు మిషన్ ఉపాధ్యాయులు ఆ వాడల్లోనే బళ్ళు పెట్టారు. తరాలుగా పలక ముట్టని ఇళ్ళలో అక్షరం పడింది అప్పుడే. ఆ ఉపాధ్యాయుల్లో చాలామంది పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

ఒక్క మాస్టారు ఏం చేయగలరో మన జిల్లాకు వేరే చెప్పనక్కరలేదు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళు నడిపి బిడ్డను పెంచితే, మిషన్ స్కూలు ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు అతన్ని చేరదీసి రాజమండ్రి దాకా వెంట తీసుకెళ్ళి చదివించారు. ఆ పిల్లవాడే టంగుటూరి ప్రకాశం.

మన ఊరు ఉన్నచోటు కదలకుండానే జిల్లాలు మారింది. 1904లో నెల్లూరు నుంచి గుంటూరుకు, 1970లో కొత్త ఒంగోలు జిల్లాకు. బడీ అంతే. బోర్డు స్కూలు 1959 తర్వాత సమితి బడి అయింది, మండలాలు వచ్చాక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అయింది. పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ బోర్డు స్కూలనే అంటారు.

ఇంతకీ ఊరికి రెండు గదుల ఆ బడి ఏమిస్తోంది? ఓట్లు అక్కడే పడతాయి. వైద్యశిబిరం వస్తే ఆ వరండాలోనే. తుపాను వానకు పూరిళ్ళు కూలితే తలదాచుకునేదీ అక్కడే. 2003 నుంచి మధ్యాహ్న భోజనం వండుతున్నది ఊరి ఆడవాళ్ళే. తన చేతి అన్నం ఊరి పిల్లలందరూ ఒకే వరసలో కూర్చుని తింటుంటే చూసిన తల్లికి ఆ బడి సర్కారుది కాదు, తనది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరపకోతలు ముమ్మరమైతే హాజరుపట్టీ పల్చబడుతుంది. తల్లిదండ్రులు తెల్లారకముందే ఆటో ఎక్కుతారు. చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఆగిపోతుంది. బడి ఆవరణలోనే అంగన్‌వాడీ ఉంటే ఆ పిల్ల తమ్ముణ్ణి చంకన వేసుకుని వచ్చి, వాణ్ణి అక్కడ దించి తన తరగతికి వెళ్ళిపోతుంది. ఆడపిల్ల చదువు నిలబడేది ఇలాంటి చోటనే. బడి ఊళ్ళో ఉంటేనే ఇది సాధ్యం.

ఇక క్వారీ పిల్లలు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి రాయి పనికి వచ్చినవాళ్ళ బిడ్డలు తెలుగు నేర్చుకునేది మన బడి ఆటస్థలంలో. కొన్నాళ్ళకే ఆస్పత్రిలో, కిరాణా కొట్లో అమ్మానాన్నల తరఫున వాళ్ళే మాట్లాడతారు. వచ్చినవాళ్ళను మనవాళ్ళను చేసే పని ఈ చుట్టుపక్కల బడి చేసినంతగా మరేదీ చేయడం లేదని నా నమ్మకం.

అందుకే 2022లో జీవో 117 వచ్చి 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్ళకు తరలించినప్పుడు పల్లెలు కలవరపడ్డాయి. కాగితం మీద కిలోమీటరు దూరమే. కానీ గ్రానైటు దిమ్మెల లారీలు తిరిగే కర్నూలు రోడ్డు దాటాల్సిన ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ కిలోమీటరు చాలా పొడుగు. 2025లో ఆ జీవో రద్దయింది గానీ, అప్పుడు పోయిన పిల్లలందరూ తిరిగి రారు. జపాన్‌లో పిల్లలు పుట్టక ఏటా వందల బళ్ళు మూతపడుతున్నాయి. మన దగ్గర పిల్లలున్నారు, పొద్దున్నే పసుపుపచ్చ బస్సెక్కి టౌనుకు పోతున్నారు. కన్నవాళ్ళను తప్పుపట్టలేం. ఐదు తరగతులకు ఒక్క టీచరైతే ఎవరు మాత్రం ధైర్యం చేస్తారు?

2019 నవంబరు 14న ఒంగోలులోనే మొదలైన నాడు-నేడు పథకంతో చాలా బళ్ళకు గోడలు, నీళ్ళు, మరుగుదొడ్లు సమకూరాయి. ఇప్పుడు కావాల్సింది మనుషులు. గనులున్న జిల్లాల్లో ఖనిజ నిధి పెట్టాలని 2015లో చట్టం వచ్చింది. తాగునీరు, ఆరోగ్యం, చదువులకు ఆ డబ్బు ముందుగా వాడాలని నిబంధన. క్వారీ దుమ్ము పీల్చే ఊళ్ళకు అందులో మొదటి వాటా అడిగే హక్కుంది. ఈ ఏడు గ్రామసభలో పూర్వవిద్యార్థులంతా లేచి రెండే అడగాలి: ప్రతి చిన్న బడికీ రెండో టీచరు, క్వారీ పిల్లల కోసం ఒడియా, హిందీ తెలిసిన ఒక సహాయకురాలు.