పిచ్చిగీత

తెలుగులోని గీయు, గీరు, గీత అనే మాటలు తమిళ కీఱు, కన్నడ గీరు అనే మాటలతో ఒకే ద్రావిడ కుదురుకు చెందినవి. భగవద్గీతలోని గీత మాత్రం పాడబడినదనే అర్థంలో సంస్కృతం నుంచి వచ్చిన వేరే పదం. గోటితోనో మొనతోనో పైపొరను చీరడం గీరడానికి మూలార్థం కనుక, గంటమనే ఇనుప మొనతో తాటాకుపై అక్షరాలను గీరి, ఆ గాళ్లలో మసి పూసి తుడిచిన కాలంలో రాత కూడా ఒక గీరుడే.

ఎవరూ నాటకుండా మొలిచినదాన్ని పిచ్చిమొక్క అన్నట్లే, ఏ ఉద్దేశమూ లేకుండా చేతినుంచి వెలువడినదాన్ని పిచ్చిగీత అన్నారు. ఈ మాటలో చిన్నచూపు ఉన్నా, ఆ గీతకున్న స్వేచ్ఛను కూడా ఇదే చక్కగా పట్టి చూపుతుంది. అలాంటి స్వేచ్ఛతోనే రవీంద్రనాథ్ టాగూర్ 'పూరబి' కవితల రాతప్రతిలో, కొట్టివేసిన పదాలను ఒకదానితో ఒకటి కలుపుతూ, ఖాళీలను సిరాతో నింపుతూ పోగా పక్షులు, పేరులేని జంతువులు రూపుకట్టాయి. 1924లో అర్జెంటీనాలో ఆయనకు ఆతిథ్యమిచ్చిన రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆ పుటలకు ముగ్ధురాలై, 1930లో పారిస్‌లో ఆయన తొలి చిత్రప్రదర్శన జరిగేందుకు తోడ్పడింది.