గోదావరి మన్యంలో భూమి హక్కు

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి, మిరప పండించే రైతుకు పొలం అమ్ముకోదగిన, తాకట్టు పెట్టదగిన ఆస్తి కాగా, పాపికొండల నడుమ గోదావరి ఒడ్డున పోడు మీద, అంటే అడవిని నరికి కాల్చి చేసే సాగు మీద బతికిన కొండరెడ్డి గిరిజనులకు నేల అటువంటి సరుకు కాదు. మైదానపు వడ్డీ వ్యాపారులు అప్పుల పేరిట మన్యం భూములను కాజేస్తుండగా, మద్రాసు ప్రభుత్వం 1917లో గిరిజనేతరులకు బదిలీలను కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1959లో చేసిన నిబంధన, 1970 సవరణ తర్వాత, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల మధ్య క్రయవిక్రయాలను సైతం నిషేధించింది. గిరిజనేతరుడి చేతిలోని భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించి, కాదని రుజువు చేసే భారాన్ని ఆ గిరిజనేతరుడిపైనే మోపడం ఇందులో అత్యంత విలువైన అంశం, ఎందుకంటే పట్టా కాగితం లేని కొండరెడ్డికి న్యాయస్థానంలో నిలబడే బలం అదే. అయితే భూమిని కొనుగోలుదారు నుంచి కాపాడిన ఈ చట్టం గోదావరిపై పోలవరం ప్రాజెక్టు తెచ్చే ముంపు నుంచి కాపాడలేకపోయింది.