కుంకుడు రసం వద్దన్న గొంతు

"వాంతి చేయించారా?" అని అడిగింది ఫోన్‌లో గొంతు.

పిన్ని వెనక్కి తిరిగి చూసింది. నాయనమ్మ చేతిలో గిన్నె, అందులో నురగలు తేలుతున్న కుంకుడుకాయ రసం. రెండేళ్ల పిల్లాడు తల్లి చంకలో బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. చొక్కా మీద నూనె మరక. నేల మీద దోమల మందు సీసా, మూత ఊడి పడి ఉంది.

"లేదండీ, ఇప్పుడే పట్టించబోతున్నారు."

"ముందు అది ఆపమనండి."

అవతల ఉన్నది ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం. మాట్లాడేది హిందీ. ఆ ఇంట్లో హిందీ వచ్చింది డిగ్రీ చదివే పిన్నికే కాబట్టి ఫోన్ ఆమె చేతికొచ్చింది.

నాయనమ్మకు కోపం వచ్చింది. "ఎండ్రిన్ తాగినవాళ్లకి మా ఊళ్లో ఇదే పోసేవాళ్లు. కక్కితేనే కదే విషం దిగేది! ఢిల్లీలో కూర్చున్నాయనకి ఏం తెలుసు?"

"ఒక్క నిమిషం ఆగండి అత్తయ్యా," అంది కోడలు. గొంతు వణుకుతోంది.

"సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి," అన్నాడు డాక్టర్.

"ట్రాన్స్‌ఫ్లుత్రిన్... ఒక శాతం లోపే. సీసా 45 మిల్లీలీటర్లది. సగం వాడేసిందే. కొంత నేల మీద ఒలికింది."

"బిడ్డ బరువు?"

"అంగన్‌వాడీలో తూచారు. 11 కిలోలు."

"దగ్గుతున్నాడా? డొక్కలు ఎగరేస్తున్నాడా?"

"లేదండీ. తాగగానే ఒకసారి పొలమారింది, అంతే."

ఆ మాట వినగానే డాక్టర్ ఇంకేమీ అడగలేదు. "బట్టలు మార్చండి, మూతీ ఒళ్లూ సబ్బుతో కడగండి. తాగడానికి ఏమీ పట్టకండి. సీసా తీసుకుని ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. దారిలో ఆయాసం వచ్చినా, మగతగా ఉన్నా 108."

ఒక్క గుక్కకే అంత హడావిడి దేనికంటే, భయం మందు గురించి కాదు, నూనె గురించి. ఆ సీసాలో దోమల్ని చంపే రసాయనం కొద్దిగానే ఉంటుంది. మిగతాది చాలావరకు కిరోసిన్ జాతి ద్రవం. కడుపులోకి పోతే అది చేసే చెరుపు తక్కువ. కక్కేటప్పుడో పొలమారినప్పుడో ఊపిరితిత్తుల్లోకి జారితేనే ప్రమాదం, న్యుమోనియాలా కమ్ముకుంటుంది. ఆ గిన్నెడు కుంకుడు రసం చేయగల పని సరిగ్గా అదే. ఉప్పునీళ్లు ఇంకా చెడ్డవి. పసిపిల్లల రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ రావచ్చు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, ఆరు గంటలు కనిపెట్టుకుని ఉన్నారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. రాత్రికి ఇంటికి పంపేశారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు, అందుకే ఊరూ పేర్లూ రాయలేదు. పిల్లల డాక్టర్లు పదేపదే చూసే సంఘటనల్ని కలిపి చెప్పింది. ప్రశ్నలూ సలహాలూ మాత్రం ఎక్కడైనా ఇవే.

ఢిల్లీ కేంద్రం 1995లో మొదలైంది. రాత్రీపగలూ పనిచేస్తుంది. మామూలు జనమే కాదు, చిన్న ఆసుపత్రుల డాక్టర్లూ సలహా కోసం ఫోన్ చేస్తారు. ఇంత ఉండీ ఈ నంబరు మన ఇళ్లలో ఎందరికి తెలుసు? గ్యాస్ బుకింగ్ నంబరు తెలిసినంతమందికైనా తెలియదని నా అనుమానం.

ఫోన్ చేసేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యం సీసా మీది పేరు. ఎలకల మందు సంగతే చూడండి. ఒక రకం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. పిల్లాడు కొంచెం నాకినా సాధారణంగా ముప్పుండదు. పసుపు భాస్వరం కలిపిన పేస్టు అలా కాదు. తిన్నవాడు ఒకటి రెండు రోజులు బాగానే తిరుగుతాడు, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. రెండిటినీ మనం 'ఎలకల మందు' అనే అంటాం. ప్యాకెట్ పారేస్తే ఫోన్‌లో డాక్టరైనా ఏం చెప్పగలడు? ఇక యాసిడ్‌నీ ఫినాయిల్‌నీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి బాత్‌రూమ్‌లో పెట్టే అలవాటు క్షమించరానిది.

ఈ పేపరు మడిచేలోపే నంబరు ఫోన్‌లో వేసుకోండి: 1800 116 117. అమెరికాలో ఉన్న మన పిల్లలకైతే 1-800-222-1222. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి అందకపోయినా ముందు 108కే చేయండి.