పేరు రాయని స్త్రీలు

అనాసపండు చెట్టుకు కాస్తుందని చాలాకాలం అనుకున్నాను, పనసలాగా. బండి మీద కోసి ఉప్పూకారం చల్లి అమ్మే ముక్కలు తప్ప దాని పుట్టుక నాకు తెలియదు. కొన్నేళ్ళ కిందట, అప్పటి శ్రీకాకుళం జిల్లాలోని సీతంపేట కొండల్లో మొదటిసారి చూశాను. మోకాలెత్తు మొక్క, కత్తుల్లాంటి ఆకులు, వాటి నడిమధ్య నుంచి లేచిన కాడ మీద ఒకే ఒక్క పండు. గంప దింపుకుని సేదదీరుతున్న ఒక సవర స్త్రీ నా ఆశ్చర్యం చూసి నవ్వింది. పండు మీది ఒక్కో కన్నూ ఒక్కో పువ్వేననీ, పువ్వులన్నీ కలిసిపోయి ఒకే పండవుతాయనీ చెప్పింది. కోత అయ్యాక పక్కన పుట్టే పిలకలు తీసి నాటుకుంటారట. అన్నీ అడిగాను, అన్నీ పుస్తకంలో రాసుకున్నాను. ఆమె పేరు మాత్రం అడగలేదు.

ఆ లోపం నాకు తట్టింది చాలా తర్వాత, మరియా సిబిల్లా మేరియన్ గురించి చదువుతున్నప్పుడు. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన ఈ చిత్రకారిణి పదమూడేళ్ళ వయసులోనే పట్టుపురుగులను పెంచి, అవి రూపం మారే తీరును గమనించింది. భర్తను వదిలి, తల్లినీ కూతుళ్ళనూ వెంటబెట్టుకుని ఒక మత సమాజంలో కొన్నేళ్ళు గడిపి, 1691లో ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. అక్కడి ధనికుల ఇళ్ళలో దూరదేశాల సీతాకోకచిలుకలు సూదులకు గుచ్చి ఉండేవి. అవి ఏ ఆకు తిని, ఏ చెట్టు మీద పెరిగాయో చెప్పేవాళ్ళు లేరు. ఆ సంగతి తెలుసుకోవాలని 1699లో, తన యాభై రెండో ఏట, చిన్న కూతురు డొరొతియాతో కలిసి దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సూరినామ్‌కి ఓడ ఎక్కింది. ఏ రాజూ ఏ కంపెనీ ఖర్చు భరించలేదు. తన చిత్రాలు అమ్ముకుంది. వీలునామా రాసిపెట్టి మరీ బయలుదేరింది.

1705లో వెలువడిన ఆమె గ్రంథంలో అరవై చిత్రాలు. మొదటిది అనాస. పండిన పండు కాదు, పూత మీదున్న మొక్క, దాని మీద పాకే పురుగులతో సహా. పండు రెండో చిత్రంలోగానీ రాదు. రాజుల విందుబల్లలకు అలంకారమైన పండును ఆమె తిరిగి దాని మొక్క మీద పెట్టింది. జీడిమామిడి, జామ, బొప్పాయి, చిలగడదుంప, కర్రపెండలం అన్నీ అలాగే గీసింది. ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి మన దాకా వచ్చినవే. అనాస అన్న పేరు కూడా అక్కడి ఆదివాసుల మాటే, పోర్చుగీసుల నోట పడి మనల్ని చేరింది. చివరికి సీత పేరు పెట్టుకున్న సీతాఫలం కూడా అక్కడి చెట్టే.

సూరినామ్‌లోని తోటల యజమానులు చెరకు తప్ప మరో మొక్క మీద ఆసక్తి చూపే ఈమెను చూసి వేళాకోళమాడేవారట. కనుక ఆమె అడిగింది తెలిసినవాళ్ళనే: ఆదివాసులనూ, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలనూ. కర్రపెండలం పచ్చిరసం విషం. దుంపను తురిమి, పిండి, ఆ రసం తీసేసి, పెనం మీద రొట్టెగా కాల్చే పద్ధతిని ఆమె రాసుకుంది. ఎన్ని తరాల వంటిళ్ళు కనిపెట్టిన విద్య అది! మొక్కను ఓడలో తేవచ్చు, విషం తీసే నేర్పు మాత్రం ఎవరో ఒకరు చేతులతో చూపించాలి.

ఆ పుస్తకంలో నన్ను నిద్రపోనివ్వనిది నలభై అయిదో చిత్రం. అందులో ఉన్నది మన వాకిళ్ళలో పూసే రత్నగంధి. దాని గింజలను కాన్పు త్వరగా కావడానికి వాడతారని చెబుతూ, మేరియన్ ఇంకో మాట కూడా రాసింది. డచ్చి యజమానుల హింస పడలేక, తమ పిల్లలు కూడా బానిసలు కాకూడదని, అక్కడి ఆదివాసీ స్త్రీలు ఆ గింజలతో గర్భం తీసేసుకుంటారని. గినియా, అంగోలాల నుంచి తెచ్చిన బానిస స్త్రీలు కూడా పిల్లల్ని కనడానికి ఒప్పుకోరనీ, కొందరు ప్రాణాలే తీసుకుంటారనీ, ఇవి వాళ్ళ నోటనే విన్నాననీ రాసింది. బానిసకు పుట్టిన బిడ్డ యజమాని ఆస్తి అయ్యే చోట గర్భం వద్దనుకోవడమంటే ఆ ఆస్తిని పెరగనివ్వకపోవడమే.

లోండా షీబింగర్ 2004లో ప్రచురించిన ‘ప్లాంట్స్ అండ్ ఎంపైర్’లో ఈ పువ్వు కథను తరచి చూసింది. మొక్క యూరప్ తోటలకు అందాల పూలమొక్కగా చేరింది. దానితోపాటు రావలసిన స్త్రీల జ్ఞానం మాత్రం ఆ ఓడలు ఎక్కలేదు. సంతానం పెరగాలనుకునే రాజ్యాలకూ, బానిసల సంఖ్య పెరగాలనుకునే యజమానులకూ దానితో పని లేదు. మనం దేన్ని తెలుసుకోలేదన్నదానికి కూడా ఒక చరిత్ర ఉంటుందన్నమాట.

అయితే మేరియన్‌ను దేవతను చేయడం నాకు ఇష్టం లేదు. అడవిలో ఆమెకు దారి నరికింది బానిసలు. వేళ్ళతో సహా మొక్కలు తవ్వి తెచ్చిందీ వాళ్ళే. ఒంటరి స్త్రీగా ఆమె సంపాదించుకున్న స్వేచ్ఛ వాళ్ళ అస్వేచ్ఛ మీద నిలబడింది. జబ్బుపడి 1701లో తిరుగుప్రయాణమైనప్పుడు ఆమెతోపాటు ఓడలో ఒక ఆదివాసీ స్త్రీ కూడా వచ్చింది. నాటలీ జెమన్ డేవిస్ మొదలు చరిత్రకారులు ఆమె గురించి రాశారు గానీ, ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఈ వరస సూరినామ్‌తో ముగియలేదు. పలాసలో జీడిగింజలు కొట్టే స్త్రీల వేళ్ళను తొక్కలోని జిడ్డు కాల్చేస్తుంది. పెద్దాపురం, సామర్లకోట వైపు కర్రపెండలం సగ్గుబియ్యం అవుతుంది. పాయసంలో మనం రెండూ వేసుకుంటాం.

నా పాత నోటుపుస్తకం తీసి చూశాను. పిలకల దూరం ఉంది, గంప ధర ఉంది. చెప్పిన మనిషి దగ్గర ‘ఒక సవర స్త్రీ’ అని ఉంది. మూడు వందల ఏళ్ళ తర్వాత, స్త్రీవాదిని అనుకునే నేను కూడా అదే రాశాను. మళ్ళీ సీతంపేట వెళ్తే ముందు పేరు అడగాలి. ఆమె చెప్పకపోవచ్చు. రత్నగంధి సంగతి తెలిసిన స్త్రీలు కూడా అందరికీ అన్నీ చెప్పి ఉండరు.