ఇండక్షన్ పొయ్యి - ఇంట్లో సురక్షిత వాడకం

ఇండక్షన్ పొయ్యి అనేది విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రంపై పనిచేస్తూ వంటపాత్రనే నేరుగా వేడిచేసే విద్యుత్ పరికరం. దీనిని ఇండక్షన్ స్టవ్ అని, ప్రేరణ పొయ్యి అని కూడా అంటారు. గ్యాసు పొయ్యిలో మంట, పాతకాలపు హీటరులో ఎర్రగా కాలే తీగ కంటికి కనిపిస్తాయి. ఇండక్షన్ పొయ్యిలో ఈ రెండూ ఉండవు. అందువల్ల బట్టలకు నిప్పంటుకోవడం, గ్యాసు లీకవడం వంటి ప్రమాదాలు ఈ పొయ్యితో ఉండవు. అయితే మంట లేదు కాబట్టి ప్రమాదమే లేదనుకోవడం సరికాదు. ఇక్కడ ప్రమాదం గోడలోని సాకెట్టు, ఖాళీ పాత్ర, కాగుతున్న నూనె, పగిలిన పలక వంటి చోట్ల ఉంటుంది. అది మంటలాగా కనబడి హెచ్చరించదు కనుక ఈ పొయ్యి పనిచేసే తీరును తెలుసుకొని వాడడం అవసరం.

చరిత్ర

విద్యుదయస్కాంత ప్రేరణను 1831లో ఆంగ్ల శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కనుగొన్నాడు. మారుతున్న అయస్కాంత క్షేత్రంలో ఉంచిన లోహంలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుట్టి, ఆ లోహం వేడెక్కుతుందని 1855లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త లియోన్ ఫూకో చూపించాడు. వీటినే ఎడ్డీ కరెంటులు అంటారు. 1950వ దశకం మధ్యలో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన ఫ్రిజిడేర్ విభాగం, పొయ్యికీ పాత్రకూ మధ్య వార్తాపత్రికను ఉంచి నీళ్ళు మరిగించి చూపింది. 1970వ దశకం తొలి సంవత్సరాలలో వెస్టింగ్‌హౌస్ సంస్థ గృహ వినియోగం కోసం ఇండక్షన్ పొయ్యిని తయారుచేసింది. అప్పట్లో ధర చాలా ఎక్కువ. తరువాతి కాలంలో అధిక విద్యుత్తును వేగంగా నియంత్రించగల అర్ధవాహక స్విచ్చులు చౌకగా లభించడంతో ఇవి సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి.

భారతదేశంలో 2012 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ఇచ్చే రాయితీ వంటగ్యాసు సిలిండర్లను సంవత్సరానికి 6కు పరిమితం చేసింది. ఆ సంఖ్యను 2013లో 9కి, 2014లో 12కు పెంచారు. ఆ రోజులలో ఎందరో రెండవ పొయ్యిగా ఇండక్షన్ పొయ్యిని కొనుక్కున్నారు. నేడు ఇది ఇళ్ళలోనే కాక, విద్యార్థులు, ఒంటరి ఉద్యోగులు ఉండే అద్దె గదులలో కూడా విరివిగా కనిపిస్తుంది.

పనిచేసే విధానం

ఇంటికి వచ్చే విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. దీని పౌనఃపున్యం 50 హెర్ట్జ్. పొయ్యిలోని ఎలక్ట్రానిక్ వలయం దీనిని 20,000 హెర్ట్జ్‌కు పైబడిన పౌనఃపున్యానికి మార్చి, పలక కింద ఉన్న రాగి తీగచుట్టలోకి పంపుతుంది. తీగచుట్ట చుట్టూ వేగంగా మారే అయస్కాంత క్షేత్రం ఏర్పడి, పైనున్న పాత్ర అడుగుభాగంలో ఎడ్డీ కరెంటులను పుట్టిస్తుంది. లోహం యొక్క విద్యుత్ నిరోధం వల్ల ఈ ప్రవాహాలు వేడిగా మారుతాయి. అంటే వేడి పుట్టేది పొయ్యిలో కాదు, పాత్రలో. పలక వేడెక్కేది పాత్ర నుండి తిరిగి వచ్చే వేడితో మాత్రమే.

పొయ్యి వేగాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న ఒక లీటరు నీటిని 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 293 కిలోజౌళ్ళ ఉష్ణం కావాలి. 1500 వాట్ల పొయ్యి వాడిన విద్యుత్తులో 85 శాతం నీటికి చేరిందనుకుంటే దీనికి నాలుగు నిమిషాల లోపే పడుతుంది. ఖర్చయ్యే విద్యుత్తు యూనిట్‌లో పదో వంతు కన్నా కొంచెం తక్కువ. ఈ వేగమే ఈ పొయ్యికి గల ముఖ్యమైన సౌకర్యం. వంటింటి ప్రమాదాలలో చాలా వాటికి కూడా ఈ వేగమే కారణం.

తగిన పాత్రలు

అయస్కాంతం అంటుకునే లోహపు పాత్రలు మాత్రమే ఈ పొయ్యికి పనికివస్తాయి. ఇనుప పెనం, పోత ఇనుప పాత్రలు, అడుగున ఇండక్షన్ బేస్ ఉన్న కుక్కర్లు, గిన్నెలు ఇందుకు ఉదాహరణలు. అల్యూమినియం, రాగి, ఇత్తడి, కంచు పాత్రలు, మట్టి కుండలు, గాజు పాత్రలు పనికిరావు. స్టీలు పాత్రలన్నీ ఒకే రకం కావు. నికెల్ ఎక్కువగా ఉండే 304 రకం స్టీలుకు అయస్కాంతం దాదాపుగా అంటుకోదు. 430 రకానికి గట్టిగా అంటుకుంటుంది. కాబట్టి కొనే ముందు ఒక చిన్న అయస్కాంతాన్ని పాత్ర అడుగున ఉంచి చూడడం సులువైన పరీక్ష.

పాత్ర అడుగు చదునుగా ఉండాలి. పొయ్యిలోని ఉష్ణోగ్రత గ్రాహకం పలక మధ్యభాగం కింద ఉంటుంది. అడుగు సొట్టపడి పలకకు ఆనకపోతే, పాత్ర విపరీతంగా కాలిపోతున్నా గ్రాహకానికి ఆ వేడి సరిగా అందదు. పొయ్యి మీద కనిపించే డిగ్రీల అంకెను ఉజ్జాయింపుగా మాత్రమే తీసుకోవాలి. గుండ్రటి అడుగున్న బాణలి ఈ కారణంగానే చదును పలకకు తగదు.

విద్యుత్ భద్రత

మన ఇళ్ళలో సాకెట్లు ప్రధానంగా రెండు రకాలు: దీపాలు, ఫోన్ ఛార్జర్ల వంటి వాటికి వాడే 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు, గీజరు, ఏసీల వంటి వాటికి వాడే 16 ఆంపియర్ల పవర్ సాకెట్టు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. 6 ఆంపియర్ల సాకెట్టు మోయగలిగింది సుమారు 1380 వాట్లు మాత్రమే. కాబట్టి ఈ పొయ్యిని 16 ఆంపియర్ల సాకెట్టుకే కలపాలి. పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్టులో పెట్టడానికి అంగళ్ళలో దొరికే కన్వర్షన్ ప్లగ్గులను దీనికి వాడరాదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద, మరొక పెద్ద పరికరంతో కలిపి నడపడం కూడా ప్రమాదకరం.

తీగలో పుట్టే వేడి, విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. వదులుగా ఉన్న సాకెట్టులో ప్లగ్గు పిన్ను సరిగా ఆనని చోట నిరోధం ఎక్కువై ఆ వేడి ఒక్కచోటే పోగుపడుతుంది. ప్లగ్గు ముట్టుకోలేనంత వేడెక్కడం, సాకెట్టు చుట్టూ గోధుమరంగు మచ్చ పడడం, కాలిన ప్లాస్టిక్ వాసన రావడం దీనికి ముందస్తు గుర్తులు. వీటిలో ఏది కనిపించినా పొయ్యి వాడకాన్ని ఆపి సాకెట్టును మార్పించాలి. అద్దె గదులలో పాత వైరింగు ఉన్నప్పుడు ఈ పరిశీలన మరింత అవసరం.

ఎర్తింగు సరిగా లేని ఇంట్లో, పొయ్యి మీది స్టీలు గిన్నెను గాని, అందులోని గరిటెను గాని ముట్టుకుంటే చేయి జివ్వుమనవచ్చు. దీనిని మామూలే అని వదిలేయరాదు. ఇది ఎర్తింగు లోపానికి గాని, పొయ్యిలో విద్యుత్ లీకేజీకి గాని సూచన కావచ్చు. మూడు పిన్నుల ప్లగ్గులోని పెద్ద పిన్నును విరిచివేసి వాడడం ప్రాణాపాయం. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే విద్యుత్తును ఆపివేసే ఆర్‌సీసీబీని మీటరు బోర్డులో అమర్చుకోవడం మంచి రక్షణ. తక్కువ ఖర్చుతో కొన్న ఇన్వర్టరు మీద ఈ పొయ్యిని నడపరాదు. ఇళ్ళలో సాధారణంగా వాడే ఇన్వర్టర్లు ఇంత భారాన్ని మోయలేవు.

పొయ్యిని ఉంచే చోటు

పొయ్యి అడుగున, వెనుకవైపున గాలి వచ్చిపోయే రంధ్రాలు ఉంటాయి. లోపలి ఫ్యాను వీటి ద్వారానే తీగచుట్టను, ఎలక్ట్రానిక్ భాగాలను చల్లబరుస్తుంది. కింద వార్తాపత్రిక గాని, గుడ్డ గాని పరిస్తే అవి రంధ్రాలను మూసివేస్తాయి. గోడకు కనీసం 10 సెంటీమీటర్ల ఎడం వదిలి, గట్టి చదునైన రాతి గట్టు మీద ఉంచడం ఉత్తమం.

చోటు చాలక కొందరు ఇండక్షన్ పొయ్యిని గ్యాసు పొయ్యి మీదనే పెట్టి వాడుతుంటారు. ఇది ఎట్టి పరిస్థితిలోనూ చేయదగిన పని కాదు. పొరపాటున గ్యాసు నాబ్ తిరిగితే కింద మంట, పైన విద్యుత్తు కలుస్తాయి. పైగా ఇనుప, స్టీలు ఉపరితలాల మీద ఈ పొయ్యిని ఉంచరాదని తయారీదారులు సూచిస్తారు. నీటి కుళాయికి, సింకుకు దూరంగా ఉంచడం కూడా తప్పనిసరి.

వంట చేసేటప్పుడు జాగ్రత్తలు

* ఖాళీ పాత్రను పెట్టి పొయ్యి వెలిగించరాదు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4,200 జౌళ్ళు కావాలి; అరకిలో స్టీలు పాత్రకు సుమారు 250 జౌళ్ళు చాలు. అంటే ఖాళీ పాత్ర నీటికన్నా దాదాపు 17 రెట్లు వేగంగా వేడెక్కుతుంది. నాన్‌స్టిక్ పూత సుమారు 260 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతుంది.
* తాలింపుకు మధ్యస్థ స్థాయినే వాడాలి. పలుచని పాత్రలో రెండు చెంచాల నూనె పూర్తి శక్తి మీద నిమిషం లోపే పొగలు కక్కవచ్చు. ఆవాలు, మిరపకాయలు ముందుగానే చేతికి అందేలా ఉంచుకొని, ఆ తరువాతే పొయ్యి వెలిగించాలి.
* నూనె కాగుతుండగా పొయ్యిని విడిచి వెళ్ళరాదు. మంట కనబడదు, చప్పుడు తక్కువ. అందువల్ల పొయ్యి మీద నూనె ఉన్నదన్న సంగతే మరచిపోయే అవకాశం ఎక్కువ.
* పాలు కాచేటప్పుడు దగ్గరే ఉండాలి. చాలా పొయ్యిలు తక్కువ స్థాయిలో కూడా కొంతసేపు ఎక్కువ శక్తితో పనిచేసి, కొంతసేపు ఆగుతూ ఉంటాయి. ఆగినప్పుడు అణగిన పాలు మరుక్షణం పొంగవచ్చు.
* ప్రెషర్ కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపరాదు. పప్పు వంటి పొంగే పదార్థాలకు సగమే హద్దు. విజిల్ రంధ్రం శుభ్రంగా ఉన్నదీ లేనిదీ ప్రతిసారీ చూసుకోవాలి.
* పలక మీద చెంచాలు, కత్తులు, మూతలు, అల్యూమినియం రేకు ఉంచరాదు. పాత్ర పక్కనున్న ఇనుప వస్తువు కూడా వేడెక్కి చేయి కాల్చవచ్చు. మూసి ఉన్న డబ్బాలను వేడిచేస్తే అవి పేలిపోతాయి.
* పాత్ర దింపిన తరువాత పలకను ముట్టుకోరాదు. పైకి చల్లగా కనిపించినా అది చాలాసేపు వేడిగా ఉంటుంది. చిన్నపిల్లలకు మంట అంటే భయం తెలుస్తుంది గాని, నల్లని పలక చూస్తే తెలియదు. వంట పూర్తికాగానే చైల్డ్ లాక్ వేసే అలవాటు మంచిది.
* వంట ముగిశాక పొయ్యి మీది మీటతో ఆపి, ఫ్యాను ఆగిన తరువాతే గోడ స్విచ్చును ఆపాలి.

పలక పగిలినప్పుడు

పై పలక ప్రత్యేకమైన గాజుతో తయారవుతుంది. బరువైన కుక్కరును విసురుగా దించడం వల్ల గాని, కాలుతున్న పలక మీద చన్నీళ్ళు పడడం వల్ల గాని దానిమీద పగుళ్ళు రావచ్చు. సన్నని గీతలాంటి పగులైనా సరే పొయ్యిని ఇక వాడరాదు. పగులు గుండా పొంగిన పాలు, నీళ్ళు విద్యుత్ భాగాల మీదికి దిగి, పాత్రకు విద్యుత్తు ప్రసరించవచ్చు. పగులు మీద టేపు అతికించి వాడడం ప్రమాదాన్ని దాచడమే గాని నివారించడం కాదు.

ఆరోగ్య సంబంధ విషయాలు

ఈ పొయ్యి అయస్కాంత క్షేత్రం ఎక్స్-కిరణాల వంటిది కాదు. ఆహారంలో అది ఏ రేడియోధార్మికతను కలిగించదు. పొయ్యి నుండి దూరం జరిగేకొద్దీ క్షేత్రం త్వరితంగా బలహీనపడుతుంది. పాత్ర తీగచుట్ట కన్నా బాగా చిన్నదైనా, పక్కకు జరిగి ఉన్నా క్షేత్రం ఎక్కువగా బయటికి వస్తుంది. కాబట్టి తగిన పరిమాణంలో ఉన్న పాత్రను సరిగ్గా మధ్యలో ఉంచాలి.

గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు పేస్‌మేకర్‌కూ పనిచేస్తున్న పొయ్యికీ మధ్య కనీసం 60 సెంటీమీటర్లు, అంటే సుమారు రెండడుగుల దూరం పాటించాలి. పొయ్యి మీదికి వంగి కలపరాదు. తమ పరికరం గురించి వైద్యుని అడిగి తెలుసుకోవడం అవసరం.

శుభ్రత, నిర్వహణ

ప్లగ్గు తీసి, పలక చల్లారిన తరువాత తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. పొయ్యిని కుళాయి కింద పెట్టి కడగరాదు. వెచ్చదనం కోసం బొద్దింకలు, చీమలు గాలి రంధ్రాల గుండా లోపల చేరి వలయాలను చెడగొడతాయి. అందువల్ల రాత్రివేళ పొయ్యిని తుడిచి, పొడిచోట ఉంచాలి. పొయ్యిని సొంతంగా విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు.

ప్రమాదం జరిగినప్పుడు

నూనె అంటుకుంటే నీళ్ళు పోయరాదు. నీరు ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను నలువైపులా చిమ్ముతుంది. వీలైతే పొయ్యి స్విచ్చు ఆపి, పాత్రను కదపకుండా సరిపోయే మూత పెట్టి, చల్లారే వరకు తీయరాదు.

ఎవరికైనా విద్యుదాఘాతం తగిలితే ముందుగా మెయిన్ స్విచ్చు ఆపాలి. అది వీలుకాకపోతే పొడి కర్రతో గాని, పొడి ప్లాస్టిక్ వస్తువుతో గాని వారిని విద్యుత్తు నుండి వేరుచేయాలి; ఒట్టి చేతులతో తాకరాదు. ఒళ్ళు కాలిన చోట 20 నిమిషాలపాటు ధారగా చల్లని నీళ్ళు పోయాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, నూనె వంటివి రాయరాదు. తెలుగు రాష్ట్రాలలో అంబులెన్సుకు 108, అగ్నిమాపక కేంద్రానికి 101 నంబర్లకు ఫోన్ చేయాలి. ఈ నంబర్లను వంటింటి గోడమీద, పిల్లలకు కూడా కనబడే ఎత్తులో రాసి ఉంచడం మంచిది.

ఇవి కూడా చూడండి

* విద్యుదయస్కాంత ప్రేరణ
* మైకేల్ ఫారడే
* విద్యుదాఘాతం
* ప్రెషర్ కుక్కర్
* ప్రథమ చికిత్స